చక్రం వెనక రేకు

అరవై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘం ఉండాల్సిన చోట ఉండదు, ఒక్కో పేజీకి రెండు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. 'నేను' అని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. ఆ గంట సంగతి 'నేను' అని రాయబోతే పెన్ను ముందుకి నడవలేదు. అందుకని 'ఆమె' అని రాస్తున్నాను.

ఆస్పత్రి గోడమీది గడియారం ఏడు నిమిషాలు ముందుంది. ఆమె చేతి వాచీలో మూడూ పది, గోడమీద మూడూ పదిహేడు. చేతిది అల్లుడు బాగుచేసిన వాచీ, కాబట్టి తప్పు గోడదే. అతను గనక దీన్ని చూసి ఉంటే ఊరుకునేవాడు కాదు, ఎవరింటికి వెళ్ళినా ముందు గోడవైపే చూస్తాడు, కుర్చీ ఎక్కి దించబోతాడు, "పరాయివాళ్ళ గోడలు మనకెందుకండీ" అని కూతురు చొక్కా పట్టుకుని కిందికి లాగుతుంది, వీధి వీధంతా అతన్ని వాచీ డాక్టరనే పిలుస్తుంది, గవ్వంత వాచీ వెనక మూత తీసి, ఎడమచేతి రెండు వేళ్ళతో సన్నపట్టకారు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నువ్వుగింజలో సగం ఉండే చక్రాన్ని పైకి తీస్తాడు, ఎడమచేతి రెండు వేళ్ళతో, బొటనవేలూ చూపుడువేలూ, ఆ చూపుడువేలు ఇప్పుడు ఆ తలుపు అవతల ఉంది, అతనూ ఆ తలుపు అవతలే ఉన్నాడు, ఇద్దరూ ఒక గదిలోనే ఉన్నారు కానీ కలిసి లేరు. కలుపుతామన్నారు. కలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. మధ్యాహ్నం పన్నెండుకి లోపలికి తీసుకెళ్ళారు, తలుపు మీద ఎర్రదీపం వెలిగింది, అప్పటినుంచీ ఆరలేదు.

ఒళ్ళో డబ్బా ఉంది. అతను రోజూ కొట్టుకి అన్నం పట్టుకెళ్ళే స్టీలు డబ్బా. పొద్దున దాన్ని నిండా ఐసుతో ఈ గుమ్మం దాకా తెచ్చి ఇచ్చింది ఆమే, లోపల ఉన్న చిన్న కవరు తీసుకుని నర్సు డబ్బా మాత్రం తిరిగి ఇచ్చేసింది, "మీ డబ్బా అండీ" అంది, పెళ్ళివారింట్లో వడ్డించి గిన్నె తిరిగి ఇచ్చినట్టు. ఐసు కరిగి నీళ్ళయింది. ఆ నీళ్ళు ఎక్కడ పారబొయ్యాలో ఆమెకి తెలియడం లేదు. రెండు అడుగుల దూరంలో కుళాయి ఉంది, లేచి వెళ్తే అయిపోతుంది, పోనీ ఇలాగే ఉండనీ, రేపు మళ్ళీ ఇందులో అన్నం ఎలా పెడతాను, పెట్టాలి కదా, మనిషి తినాలి కదా, కొత్త డబ్బా కొనాలి, ఛీ, ఇప్పుడా డబ్బాల సంగతి.

శబ్దం మారింది, మొదట అదే. ఆ శబ్దం ఆమెకి పదిహేనేళ్ళుగా తెలుసు. పెరటి షెడ్డులో ఆమె భర్త ఆ బుల్లి రంపం బల్ల పెట్టిన రోజునుంచీ, బల్ల నడుమ చీలికలోంచి పళ్ళ చక్రం తల పైకెత్తి తిరుగుతుంటే, తుమ్మెద గదిలో దూరినట్టు ఒక ఝుంకారం, చెక్క తగిలితే అది కాస్త లావవుతుంది, చెక్క దాటగానే మళ్ళీ సన్నబడుతుంది. ఇవాళ పొద్దున అలా కాలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది, లోపలికి వెళ్ళకూడదని తెలుసు, మిషను తిరుగుతున్నప్పుడు పలకరించకూడదని ఆయన నేర్పాడు, అందుకని నిలబడి ఉంది, అతని వీపు కనబడుతోంది, ముంజేతుల పైకి మడిచిన చొక్కా చేతులు, చెవుల వెనక కళ్ళద్దాల తాడు, పాత తలుపు చెక్క ఒకటి నిలువునా కోస్తున్నాడు, అది ఆమె కోసమే, ఒళ్ళో పెట్టుకుని రాసుకోవడానికి ఏటవాలు బల్ల, "నేలమీద వంగి రాస్తే నడుం పట్టేస్తుందండీ అత్తయ్యగారూ" అని వారం రోజులుగా అంటున్నాడు. ఝుంకారం ఒక్కసారి గొంతు నులిమినట్టు బిగిసింది. కాలిన వాసన. ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పమంటే ఆమె చెప్పలేదు, పిడుగు పడ్డట్టు చప్పుడు, చెక్క బల్లమీద లేదు, గుమ్మం పక్కన మేకుల డబ్బాలన్నీ కింద దొర్లుతున్నాయి, చెక్క అక్కడ ఉంది, అంటే ఆమె చెవి పక్కనుంచే వెళ్ళిందన్నమాట, గ్లాసు మాత్రం చేతిలోనే ఉంది, కాఫీ ఒక్క చుక్క తొణకలేదు. ఇప్పటికీ అదే ఆశ్చర్యం. అతను ఇటు తిరిగాడు. ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు, మొహంలో ఏమీ లేదు, దారిలో ఎవరో తెలిసినవాళ్ళు కనిపించినట్టుంది. అరవలేదు. "అత్తయ్యగారూ," అన్నాడు, "కాస్త మిషను ఆపండి."

కాస్త అన్నాడు.

ఆమె ఎప్పుడూ ఆ మిషను ముట్టుకోలేదు. కానీ దాని పొట్టమీద ఎర్ర బొత్తాం, బొత్తాం పైన తెల్ల కాగితం, కాగితం మీద రెండక్షరాలు, ఆ, పు. ఆమె జీవితంలో అంత వేగంగా చదివిన మాట మరొకటి లేదు. ఆ కాగితం అంటించిందీ అతనే. రెండేళ్ళ కిందట పక్కవీధి బడిలో సాయంత్రం తరగతులు మొదలైనప్పుడు, ఆమె పలకా పుస్తకం కొంగు కింద దాచుకుని వెళ్ళేది, అల్లుడు చూస్తే నవ్వుతాడని, అతను నవ్వలేదు, ఓ ఆదివారం జిగురుసీసా, కత్తెర, కాగితాలు ముందేసుకు కూర్చుని ఇంటినిండా పేర్లు అంటించాడు, తలుపు, కిటికీ, మంచం, గడియారం, వంటింట్లోకి వచ్చి గరిటె, మూత, ఉప్పు, కూతురు "ఇదేం ఇల్లండీ, కొట్టా?" అని తిట్టింది, "నన్ను కూడా అంటించండి, మా అమ్మ మర్చిపోతుంది" అంది, అతను నిజంగానే 'కూతురు' అని రాసి దాని వీపున అంటించాడు, అది అలాగే కూరల బజారుకి వెళ్ళొచ్చింది. ఎంత నవ్వారు. ఆ కాగితాలు చాలామటుకు ఊడిపోయాయి. షెడ్డులోది ఊడలేదు. ఊడి ఉంటే ఇవాళ ఆమె ఏ బొత్తాం నొక్కేదో.

చక్రం వెంటనే ఆగదు. బొత్తాం నొక్కాక కూడా తిరిగి తిరిగి ఆగుతుంది. ఆ తిరుగుడు ఎంతసేపని. కూతురు పరిగెత్తుకొచ్చింది, తువ్వాలు తెచ్చింది, ఫోను చేసింది, ఫోనులో గొంతు చెప్తోంది, తెగిన ముక్క ఉందా, ఉంటే తడిగుడ్డలో చుట్టండి, కవర్లో పెట్టండి, ఆ కవరుని ఐసులో పెట్టండి, ఐసు నేరుగా తగలకూడదు, "అమ్మా, అది ఎక్కడుందో చూడు" అంది కూతురు, 'అది' అంది, పేరు చెప్పలేదు. ఆమె మోకాళ్ళమీద కూర్చుని రంపంపొట్టులో వెతికింది. ఇంట్లో ఏది పోయినా వెతికేది ఆమే, ముక్కుపుడక మర, సూది, అతను జారవిడిచిన వాచీ మేకు, అరచేత్తో నేలని మెల్లగా తడుముతూ పోతుంది, దొరుకుతుంది, "అత్తయ్యగారి చేతిలో అయస్కాంతం ఉంది" అంటాడు అతను, ఇవాళా దొరికింది, పొట్టులో, వెచ్చగా, ఆమె దాన్ని చూడలేదు, చూపుని కిటికీమీద పెట్టి చేతిని మాత్రమే కదిలించింది, గుడ్డలో చుట్టేదాకా కిటికీనే చూసింది. కిటికీ అద్దంమీద సాలెగూడు ఉంది. దులపాలి అనుకుంది. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కూతురు కింద కౌంటరు దగ్గర ఉంది, ఏవో కాగితాలట, సంతకాలట. వెళ్తూ ప్లాస్టిక్ సంచీ ఆమె పక్కన పడేసి వెళ్ళింది. ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ ఉండే సంచీ అది, అందులోంచి కార్డు ఒక్కటి తీసుకుని మిగతాది వదిలేసింది. సంచీలోంచి ఒక పుస్తకం మూల బయటికి చూస్తోంది. అట్టమీద రంపం బల్ల బొమ్మ. అక్షరాలు వచ్చాక ఆమెకి ఒక రోగం పట్టుకుంది, కనిపించిందల్లా చదవాలి, మాత్రల అట్టలు, బస్సు వెనకాల, పొట్లాం కట్టిన కాగితం, చదువుతుంటే బుర్రలో ఇంకేదీ దూరదు, కూడబలుక్కునే పనే సరిపోతుంది. అందుకని తీసింది. ఆ ఎర్రదీపం చూడకుండా ఉండటానికి తీసింది. అయిదు భాషల్లో ఉంది, మనది చివర. ఆయన దీన్ని పదిహేనేళ్ళ కిందట మిషనుతోపాటు తెచ్చాడు, అప్పట్లో ఆమె దీని పేజీలమీద పప్పు ఎండబోసిన గుర్తు.

ర-క్ష-ణ క-ళ్ళ-ద్దా-లు ధ-రిం-ప-వ-లె-ను. ఇలా ఎవరు మాట్లాడతారు లోకంలో. ధరింపవలెను. ధరించాడు, తాడు కూడా కట్టుకున్నాడు. చేతి తొడుగులు ధరింపరాదు, అవి చక్రమునకు చిక్కుకొనును. ధరించలేదు. వదులు దుస్తులు, ఉంగరములు. మిషను ముందు నిలబడేటప్పుడు అతను పెళ్ళి ఉంగరం తీసి కిటికీలో పెడతాడు, కూతురు అందుకని ఒకసారి అలిగింది కూడా. చక్రము చెక్కమందము కంటె కొంచెము మాత్రమే ఎత్తుగా ఉండవలెను. ఉంటుంది, ప్రతిసారీ చెక్క పక్కన పెట్టి, ఒళ్ళంతా వంచి, ఒక పన్ను ఎత్తు చూసుకుంటాడు. చక్రమునకు ఎదురుగా కాక పక్కకు నిలువవలెను. పక్కకే నిలబడ్డాడు, అందుకే చెక్క అతని గుండెకి తగలకుండా గుమ్మం దాకా వచ్చింది. చిన్న ముక్కలను చేతితో తోయరాదు, తోసే కర్ర వాడవలెను. కర్ర ఉంది, అతనే చేసుకున్నాడు, తోక ఉన్న చేపలా, చివరిదాకా వచ్చాక దాంతో తోస్తాడు, ఇవాళ చివరిదాకా రానేలేదు. ఒక్కొక్కటీ చదువుతూ ఆమె టీచరు సరైన జవాబుకి గీత పెట్టినట్టు లోపల గీత పెట్టుకుంటూ వచ్చింది. అన్నీ సరిగ్గానే చేశాడు. పిల్లి పాదాలవాడు, గుండుసూది కింద పెట్టినా చప్పుడు కాకుండా పెడతాడు, అలాంటివాడికి ఎందుకు ఇలా, ఎవరి దిష్టి, ఎవరి పాపం.

పేజీ తిప్పింది. బొమ్మ.

చక్రం, చక్రం వెనక అంటుకున్నట్టుగా నిలబడిన ఉక్కు రేకు. నెలవంకని సగానికి విరిచినట్టు ఒకవైపు వంపు. కింద రెండు బెజ్జాలు. పైమూల గుండ్రంగా అరగదీసి ఉంది.

ఆమె ఆ రేకుని ఎరుగును. పొద్దున ఏడింటికి పాలగిన్నె అడుగున మాడింది గీకింది దాంతోనే. పదకొండేళ్ళుగా రోజూ దాంతోనే. పొయ్యి పక్కన మేకుకి, ఒక బెజ్జంలోంచి తగిలించి ఉంటుంది. గిన్నె వంపుకి సరిగ్గా సరిపోతుంది ఆ వంపు, బజారులో కొన్నవేవీ అలా గీకవు.

కాదు. వేరేది అయి ఉంటుంది. ఉక్కు రేకులు లోకంలో ఎన్ని లేవు. ఆమె బొమ్మమీద వేలు పెట్టింది, వంపు వెంట జరిపింది. కళ్ళు మోసపోవచ్చు, వేలికి తెలుసు, పదకొండేళ్ళు రోజూ తోమిన వస్తువు. బొమ్మ కింద అక్షరాలు చదవడం మొదలుపెట్టింది, చదవకుండా ఉండాల్సింది, చదవడం రాకుండా ఉండాల్సింది. వి-భ-జ-న ప-ల-క. ఇది లేకుండా యంత్రమును నడపరాదు. కోయుచుండగా చెక్క మూసుకొని చక్రమును బిగించినచో, చెక్క అతివేగముగా పనిచేయువారి వైపునకు విసరబడును. అట్టి సమయమున చేయి చక్రముమీదికి లాగబడు ప్రమాదము కలదు. కలదు. మళ్ళీ చదివింది. మళ్ళీ చదివినా కలదు. అక్షరాలు ఒకసారి చదివాక మళ్ళీ పోవు, అదే వాటితో చిక్కు.

ఒళ్ళోంచి డబ్బా జారి నీళ్ళు గచ్చంతా పరుచుకున్నాయి. ఎవరో చూసి వెళ్ళిపోయారు.

ఆయన ఆ రోజు సొరుగు చేస్తున్నాడు, చెక్క మధ్యలో పైకి రాని సన్న గాడి కోయాలి, ఈ రేకు అడ్డం వస్తోందని విప్పి బల్లమీద పడేశాడు. టీ ఇవ్వడానికి వెళ్ళిన ఆమె దాన్ని తీసి చూసింది, ఇదేదో గిన్నెలు గీకడానికి బాగుంటుందే అంది. "తీసుకోవోయ్, అవసరమైతే అడుగుతాలే" అన్నాడు. మర్నాడు ఆమె కూరముకుడు తళతళలాడించి ఆయనకి చూపించింది, "ఇన్నేళ్ళ కాపురంలో పనికొచ్చే వస్తువు ఇది ఒక్కటే ఇచ్చావు" అంది, వాళ్ళిద్దరే ఉన్నప్పుడు అలాగే అనేది, ఆయన పకపకా నవ్వాడు, ఇక అడగలేదు. అడగలేదు కానీ, పొడుగు చెక్క నిలువునా కోసేటప్పుడల్లా సగంలో మిషను ఆపి, చక్రం పూర్తిగా ఆగేదాకా చూసి, "ఏమోయ్, ఒకసారి రా" అని పిలిచేవాడు, "ఆ కోతలో ఈ చిన్న చెక్క దూర్చు" అనేవాడు, ఆమె పిడికిట్లో పట్టే చీలచెక్క కోసిన సందులో దూర్చేది, ఆ సందు మూసుకోకుండా, ఆయన మిగతాది కోసేవాడు, ఇలా ఎన్నిసార్లని, వందసార్లు, అంటే ఆయనకి తెలుసు, అక్కడ ఏదో ఒకటి నిలబడాలని తెలుసు, రేకు ఆమె వంటింట్లో ఉంటే రేకు చేసే పని ఆమె చేత చేయించాడు. రేకు నేనే. ఆయన పోయాక అల్లుడు ఆ మిషను దుమ్ము దులిపి నడిపిన మొదటి రోజున, గుమ్మంలో నిలబడి ఆమె అనుకుంది, ఇతను చీలచెక్క పెట్టడం లేదేమిటని. అనుకుని ఊరుకుంది. అల్లుడి పనిలో మనం వేలు పెట్టడమేమిటని ఊరుకుంది. అవే మాటలు. బెంచీమీద కూర్చుని ఆమె తన కుడిచేతి వేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది.

కూతురు వచ్చింది. నీళ్ళు తొక్కుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇదేంటమ్మా, ఇన్ని నీళ్ళు?"

"డబ్బా జారింది."

"పోనీలే. నువ్వేమైనా తిన్నావా? మొహం చూడు, పిండి రాసినట్టుంది." పుస్తకం చూసింది. "ఇప్పుడు దీన్ని చదువుతున్నావా తల్లీ. ఇంటికి వెళ్ళగానే ముందు ఆ మిషనుని గోతిలో పాతేస్తాను. నా మాట ఎవరు విన్నారు? వాచీలు చాలవా ఆ మనిషికి, నాన్న వేషం కూడా వెయ్యాలా?"

ఇప్పుడే చెప్పాలి అనుకుంది ఆమె. నోరు తెరిచింది. కూతురి చీర అంచున ఎండిన మచ్చ, నల్లబడింది, అది చూసి నోరు మూసుకుంది. చెప్తే ఏమవుతుంది, ఇది నా కూతురే, రెండు రోజులు ఏడుస్తుంది, ఆ తర్వాత నా మొహం చూసినప్పుడల్లా పాలగిన్నె గుర్తొస్తుంది, చెప్పకపోతే ఏమవుతుంది, ఎవరికీ తెలియదు, ఆయన లేడు, పుస్తకం నా చేతిలో ఉంది, ఇంట్లో చదివే తీరిక నాకొక్కదానికే, రేకుని రాత్రికి రాత్రి బావిలో పడేస్తే, ఛ, చదువు నేర్చుకున్నది ఇందుకా. తెలియనప్పుడు చేసింది తప్పు కాదంటారు అందరూ. మూడూ ముప్పై అయిదు దాకా తెలియదు. మూడూ ముప్పై ఆరునుంచీ తెలుసు. ఇప్పుడు మూడూ యాభై.

ఎర్రదీపం ఆరింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, టోపీ కింద నుదుటిమీద గీత పడింది. ఎముక కలిపాం, నరాలు కలిపాం, రక్తనాళాలు కలిపాం అంది, వంట చేసి వరసగా చెప్తున్నట్టు. "వేలు గులాబీరంగులో ఉంటే నిలబడ్డట్టు. నల్లబడితే తీసెయ్యాలి. అయిదు రోజులు చూడాలి." పట్టకారు పట్టుకోగలడా అని కూతురు అడిగింది. "ముందు వేలు ఉండనివ్వండి" అంది డాక్టరమ్మ. చేతికి మాత్రమే మత్తు ఇచ్చారట, మనిషి మెలకువగానే ఉన్నాడు, వెళ్ళి చూడొచ్చు, ఎక్కువ మాట్లాడించకండి.

మంచంమీద అతని ఎడమచెయ్యి దిండ్లమీద, ఇంకెవరిదో అన్నట్టు, పైకి లేపి కట్టారు. కట్టులోంచి వేళ్ళ కొసలు కనిపిస్తున్నాయి, నాలుగు మనిషివీ, ఒకటి మైనంలాంటిదీ. గోడమీద మరో గడియారం ఉంది, అతను దాన్నే చూస్తున్నాడు.

"ఇది రెండు నిమిషాలు వెనకండీ," అన్నాడు ఆమెతో. "బయటిది?"

"ఏడు ముందు."

"అయ్యో" అన్నాడు, నిజంగా బాధపడ్డాడు.

ఆమె మంచం కమ్మీ పట్టుకుంది. ఈ మాట ఎలా మొదలుపెట్టాలో ఏ తరగతిలోనూ చెప్పలేదు. "బాబూ, ఆ చక్రం వెనక ఒక రేకు ఉండాలిట. పుస్తకంలో ఉంది. అది నా వంటింట్లో ఉంది. దాంతో నేను గిన్నెలు గీకుతున్నాను."

కూతురు "ఏంటమ్మా?" అంది. అతను మాత్రం కళ్ళు గడియారంమీంచి దించి కిటికీవైపు పెట్టాడు, దొంగతనం బయటపడినవాడిలా.

"తెలుసండీ," అన్నాడు.

"తెలుసా?"

"కాగితాలు అంటించిన రోజున చూశాను. రెండు బెజ్జాలు, ఆ వంపు. మీరు పెరట్లోకి వెళ్ళినప్పుడు స్కేలుతో కొలిచాను కూడా."

ఆమెకి ఆ రోజు కళ్ళముందుకి వచ్చింది. పొయ్యి పక్కన కాగితం పట్టుకుని అతను నిలబడిపోయాడు, మేకుకి వేలాడే రేకుని చూస్తూ, చాలాసేపు, "ఏం వాచీ డాక్టరుగారూ, గీకుడు రేకు పేరు కూడా రాదా?" అని ఆమె వెక్కిరించింది, అతను నవ్వి ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు. వంటింట్లో పేరు అంటించని వస్తువు అదొక్కటే.

"మరి అడగలేదేం?"

"మీరు రోజూ వాడతారు కదండీ. మావయ్యగారు మీ చేతికిచ్చిందని మీ అమ్మాయి చెప్పింది. అసలే మీ ఇంట్లో ఉంటున్నాను. మీ ఇల్లు, మీ షెడ్డు, మళ్ళీ మీ వంటింట్లో వస్తువు కూడా ఇవ్వమని ఎలా అడగనండీ? కొత్తది తెప్పిద్దామంటే ఆ రకం ఇప్పుడు రావడం లేదట. చూద్దాంలే అనుకున్నాను. జాగ్రత్తగానే కోస్తున్నాను కదా అని."

ఆమె చెవుల్లో ఝుంకారం మొదలైంది. రెండేళ్ళు. రెండేళ్ళపాటు ఈ మనిషి ఆ చక్రం ముందు నిలబడ్డాడు, రేకు పాతిక అడుగుల దూరంలో ఉందని తెలిసి, రోజూ పొద్దున ఆమె దాంతో గిన్నె గరగరా గీకుతుంటే ఆ చప్పుడు వింటూ కాఫీ తాగి, "కాఫీ బాగుందండీ" అని చెప్పి, షెడ్డులోకి వెళ్ళి. ఇంతసేపూ తన పాపమనుకుని ఆమె మోసింది సగమే, మిగతా సగం ఇతను దాచిపెట్టుకున్నాడు. కూతురి పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమె అతన్ని పల్లెత్తు మాట అనలేదు. మీరు తప్ప నువ్వు అనలేదు.

"గీకుడు రేకులు బజార్లో బుట్టెడు దొరుకుతాయి," అంది. గొంతు ఆమెది కాదు. "వేలు దొరుకుతుందా నీకు? వేలు తెగి పొట్టులో పడితే కూడా 'కాస్త' మిషను ఆపమంటావా? ఆ రేకు ఇటు పడెయ్యి అత్తా అనడానికి నీకేం రోగం? నేనేమన్నా పులినా? నోట్లో నాలుక లేదా నీకు?"

"అమ్మా," అంది కూతురు, భయపడి. ఇంత మాట తల్లి నోట అది ఎప్పుడూ వినలేదు.

అతను కూడా విస్తుపోయి చూశాడు. ఆ తర్వాత మెల్లగా నవ్వాడు. "నువ్వు అన్నారు," అన్నాడు. "తొమ్మిదేళ్ళకి. అదేదో ముందే అని ఉంటే, అడిగేసేవాణ్ణి."

సాయంత్రం బట్టలు తేవడానికి ఆమె ఒక్కతే ఇంటికి వెళ్ళింది. వెలుతురు ఇంకా ఉంది. పాలగిన్నె పొద్దున వదిలిన చోటే ఉంది. మేకునుంచి రేకు తీసింది, వేడినీళ్ళతో కడిగింది, గిన్నెలు గీకి గీకి ఒక అంచు అద్దంలా అరిగింది. షెడ్డులోకి వెళ్ళి, పుస్తకం కిటికీలో అతని ఉంగరం పక్కన తెరిచి పెట్టి, చదివింది. మొదట విద్యుత్తు తొలగింపవలెను. ప్లగ్గు పీకింది. తర్వాత బల్ల కింద వేలాడే పానాతో రెండు మరలు విప్పి, రేకు నిలబెట్టి, మళ్ళీ బిగించింది. ఒక్కో వాక్యానికీ ఆగి, చదివి, చేసి, చీకటి పడేలోపు అయింది. మేకుల డబ్బాల దగ్గర పడున్న తలుపు చెక్క తెచ్చి, సగందాకా పడిన ఆ కోతని రేకుమీదికి తోసింది. కొసలో కోత మూతి బిగిసే ఉంది. కాస్త బలం పెడితే రేకు అందులో దూరింది, నోట్లో నాలుకలా నిలబడింది. చెక్కని మళ్ళీ బయటికి లాగింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొట్టులో కాసేపు కూర్చుంది.

లేచాక ఒక కాగితం చింపి, 'ఇది మిషనుది' అని రాసి రేకుకి అంటించింది. అరిగిన రేకు వాడొచ్చో లేదో అతను వచ్చి కొలిచి చెప్పేదాకా ప్లగ్గుకి గుడ్డ చుట్టి ముడివేసింది.

అయిదో రోజున డాక్టరమ్మ గోరు నొక్కి వదిలింది. తెల్లబడి, మళ్ళీ ఎర్రబడింది. ఇంకోసారి నొక్కమన్నాడు అతను, చూడటానికి బాగుందట. వేలిలో స్పర్శ లేదు ఇంకా. వస్తే వచ్చే ఏడాదికి రావచ్చన్నారు. ఇప్పుడు అతను కొట్టులో ఎడమచేతి బొటనవేలికీ మధ్యవేలికీ పట్టకారు నేర్పుతున్నాడు, ఆమె పలకమీద దిద్దినట్టే, తప్పులు పోతూ. ఇంట్లో "అత్తా, ఇటివ్వు" అని అరుస్తాడు, అరిచి ఒక్క క్షణం ఆగి ఆమె మొహం చూస్తాడు. ఆమె ఇస్తుంది.

ఇదంతా ఆ సగం కోసిన చెక్కని ఒళ్ళో పెట్టుకునే రాశాను. పూర్తిగా కోసి బల్ల చేస్తానంటాడు, నేనే వద్దన్నాను. కోత ఉన్నచోటికి వచ్చినప్పుడు పెన్ను దిగబడుతుంది. అక్కడ అక్షరం వంకరపోతే అది నా తప్పు కాదు.

వాచీ డాక్టరు అత్త. వయసు అరవై ఎనిమిది. ఉండేది కూతురూ అల్లుడూ నేనూ ఉండే ఇంట్లో, షెడ్డువైపు కిటికీ ఉన్న గదిలో.